మిర్చి వెళ్లే ఓడ, మందు వచ్చే ఓడ

ఖమ్మం మార్కెట్ యార్డులో సీజన్ రోజుల్లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మంచి సరుకున్న ఒక రైతు రాశి దగ్గర వ్యాపారులంతా చేరి పాట పాడతారు. ఆ రోజుకు అదే పైధర, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఆ తర్వాత మిగతా బస్తాల దగ్గరికి వచ్చేసరికి 'తాలు కలిసింది', 'తేమ ఉంది' అంటూ క్వింటాలుకు వెయ్యి, రెండు వేలు తగ్గిస్తారు. ఇది తరతరాల తంతు, రైతుకు కొత్త కాదు. ఈ పది, పదిహేనేళ్లలో కొత్తగా చేరింది ఒక్క ప్రశ్న. బస్తా దించకముందే, టీ కొట్టు దగ్గరే, కమీషన్ ఏజెంటును రైతు అడుగుతాడు: "చైనా ఆర్డర్లు ఉన్నాయా?"

గుంటూరు యార్డులోనూ అదే ప్రశ్న. గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పుట్టిన తేజ రకం సన్నగా, పొట్టిగా ఉంటుంది కానీ ఘాటుకు పెట్టింది పేరు. ఆ ఘాటు కోసమే చైనా కొంటుంది. కొంత వంటల్లోకి, మసాలాల్లోకి పోతే, చాలా భాగం ఫ్యాక్టరీల్లోకి వెళ్తుంది. అక్కడ కాయను పొడిచేసి, ద్రావకంతో ఘాటునీ నూనెనీ పిండి ఓలియోరెసిన్ తీస్తారు. చిక్కగా, ఎర్రగా ఉండే ఆ సారం ఆహార పరిశ్రమలకు, మందుల తయారీకి వెళ్తుంది. మన దేశం నుంచి పోయే మిర్చికి ఇవాళ అతి పెద్ద కొనుగోలుదారు చైనాయే. ఎగుమతి విలువలో దాదాపు మూడో వంతు దానిదే. అక్కడి వ్యాపారి ఒక నెల చేయి వెనక్కి తీసుకుంటే ఇక్కడ కోల్డ్ స్టోరేజీలు నిండిపోతాయి. అంతకుముందు సీజన్లలో 20 వేలు దాటిన తేజ 2025 మొదట్లో 13, 14 వేలకు జారినప్పుడు ఏం జరిగిందో గుర్తుంది కదా. చివరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. పడిపోవడానికి చైనా ఒక్కటే కారణమని చెప్పను. పాత నిల్వలున్నాయి, అంతకుముందు రేట్లు చూసి అందరూ మిర్చే వేశారు. కానీ యార్డులో మాట మాత్రం చైనా చుట్టూనే తిరిగింది.

చైనాతో మన వాణిజ్యం గురించి టీవీ చర్చల్లో ఎప్పుడూ ఒక్క అంకె మీదే గోల: లోటు. అంకె పెద్దదే. 2024-25లో మనం చైనా నుంచి తెచ్చుకున్న సరుకు 113 బిలియన్ డాలర్లు దాటింది. పంపింది 14 బిలియన్ల పైచిలుకు. తేడా 99 బిలియన్ డాలర్లు, అంటే సుమారు ఎనిమిదిన్నర లక్షల కోట్ల రూపాయలు. కానీ ఈ అంకెను ఎంతసేపు తిప్పి చూసినా ఏం చేయాలో తెలియదు. ఓడలో ఏం వెళ్తోంది, ఏం వస్తోంది అని బిల్లు విప్పి చూస్తే తెలుస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనం పంపేవి చైనా ఎప్పుడైనా మానుకోగల సరుకులు. మనం తెచ్చుకునేవి మన ఫ్యాక్టరీలు ఒక్క నెల కూడా లేకుండా నడవలేని సరుకులు. లోటు రేపు సగానికి తగ్గినా, ఈ తేడా ఉన్నంతకాలం మన మెడ వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ముందు మన వైపు నుంచి వెళ్లే ఓడ చూద్దాం. 2011-12లో చైనాకు మన ఎగుమతులు సుమారు 18 బిలియన్ డాలర్లు. పదమూడేళ్ల తర్వాత అంతకంటే తక్కువ. అదే కాలంలో దిగుమతులు 55 బిలియన్ల నుంచి రెట్టింపయ్యాయి. చైనా ఆర్థిక వ్యవస్థ ఇన్నేళ్లలో అంత పెరిగినా మన అమ్మకం పెరగలేదంటే, మనం అమ్మే వస్తువుల్లోనే ఏదో లోపం ఉంది.

ఆ లోపం మొదట ఇనుప ఖనిజంలో బయటపడింది. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో చైనాకు మన ఎగుమతుల్లో పెద్ద వాటా దానిదే. 2009-10లో దేశం నుంచి 11 కోట్ల టన్నులకు పైగా ఖనిజం పోయింది, అందులో ఎక్కువ భాగం చైనా ఉక్కు కొలుములకే. బళ్లారి, ఓబుళాపురం కొండల నుంచి కృష్ణపట్నం దాకా ఎర్రదుమ్ము రేపుతూ లారీలు వరస కట్టిన రోజులు రాయలసీమ, నెల్లూరు వాళ్లు మరిచిపోలేదు. తవ్వింది ఎంత, లెక్కలో చూపింది ఎంత అన్న సంగతి కోర్టుల దాకా వెళ్లింది. 2011లో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలు ఆపించాక, ఆ ఏడాది చివర ఎగుమతి సుంకం 30 శాతానికి చేరాక ఆ ఓడలు పల్చబడ్డాయి. చైనా ఉక్కు ఆగిందా? ఆస్ట్రేలియా, బ్రెజిల్ ఉన్నాయి. ఆగింది మన లారీలే. ఆ కొండలు ఉక్కుగా మారి ఉంటే మిగిలే కొలువులు, నైపుణ్యం, పన్నులు మిగల్లేదు. గుంతలు మిగిలాయి.

తర్వాత పత్తి వంతు. 2011 నుంచి మూడేళ్ల పాటు చైనా ప్రభుత్వం తన గోదాముల్లో పత్తి నిల్వలు పెంచుకుంటూ పోయింది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు పత్తికి గిరాకీ వచ్చింది. 2014లో వాళ్లు విధానం మార్చుకుని నిల్వలు కరిగించడం మొదలుపెట్టేసరికి ఇక్కడ ధర మద్దతు ధర కిందికి దిగింది. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రాల ముందు ట్రాక్టర్లు రాత్రిళ్లు నిలబడ్డాయి. బీజింగ్‌లో ఎవరో తీసుకున్న నిర్ణయం జమ్మికుంట రైతు దాకా రావడానికి ఒక్క సీజన్ పట్టింది.

నూకలదీ అంతే. 2021-22లో చైనా మన నూకలను పశువుల దాణాకూ నూడుల్స్‌కూ పెద్ద ఎత్తున కొంది. 2022 సెప్టెంబరులో మనమే ఎగుమతి ఆపేశాం. తూత్తుకుడి రాగి ఫ్యాక్టరీ 2018లో మూతపడటంతో శుద్ధి చేసిన రాగి కూడా జాబితాలోంచి దాదాపు మాయమైంది. ఒక సరుకు వస్తుంది, కొన్నేళ్లు వెలుగుతుంది, పోతుంది. దాని స్థానంలోకి అంతకంటే మెరుగైన సరుకు రాదు. అదే ముడిసరుకుల వరసలోంచి ఇంకొకటి వస్తుంది.

రొయ్యల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మన సముద్ర ఉత్పత్తులకు అమెరికా తర్వాత పెద్ద మార్కెట్ చైనాయే. కానీ రెండు దేశాలూ కొనేది ఒకే రొయ్య కాదు. అమెరికాకు వెళ్లేది ఎక్కువగా తల తీసి, ఒలిచి, నరం లాగి, శుభ్రం చేసి ప్యాక్ చేసిన సరుకు. ఆ పనంతా భీమవరం, కాకినాడ, నెల్లూరు చుట్టుపక్కల ప్లాంట్లలో వేల మంది ఆడవాళ్లు చల్లటి బల్లల ముందు గంటల తరబడి నిలబడి చేస్తారు. చైనాకు పోయే దాంట్లో ఎక్కువ భాగం పెంకుతోనే, చాలాసార్లు తలతోనే గడ్డకట్టించి పంపే సరుకు. అంటే అదే కిలో రొయ్యలో మన కూలి తక్కువ. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు 'ఏం ఫర్వాలేదు, చైనాకు పంపుకోవచ్చు' అని తేలిగ్గా అన్నవాళ్లు ఈ సంగతి గమనించలేదు. టన్నులు సర్దుబాటు కావచ్చు. ఒలిచే చేతులకు పని సర్దుబాటు కాదు.

గ్రానైట్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్లరాయి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నల్లటి ఆకాశంలో నక్షత్రాలు చల్లినట్టు రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయి, అందుకే బ్లాక్ గెలాక్సీ అన్నారు. క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే, అంతస్తులు అంతస్తులుగా తెగిన రాతి గోడల మధ్య యంత్రాలు బొమ్మల్లా కనిపిస్తాయి. వజ్రాలు పొదిగిన తీగతో రాయిని కోసి, గది పరిమాణంలో బ్లాకు విడదీసి, ట్రాలీ మీదికెక్కించి రేవుకు పంపుతారు. అటు కరీంనగర్ బ్లాకులూ కాకినాడ రేవు దాకా వస్తాయి. వీటిలో చాలా భాగం చైనాలోని శ్యామెన్ రేవులో దిగుతుంది. అక్కడ పలకలుగా కోసి, అద్దంలా పాలిష్ పట్టి, అక్కడి నుంచి ప్రపంచమంతా అమ్ముతారు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని రాయి మన దగ్గరుంది. దాన్ని కోసే రంపం, మెరుగుపెట్టే పని, ధర పెట్టే అధికారం మాత్రం వాళ్ల దగ్గరుంది. మన దగ్గరా కటింగ్, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి, మంచి పనీ చేస్తాయి. కానీ మేలైన పెద్ద బ్లాకు ముందు ఎగుమతికే పోతుంది, మిగిలింది లోకల్ యూనిట్‌కు వస్తుంది. ఇది నాకు ఎన్నేళ్లుగానో మింగుడుపడని విషయం. మేలైన రాయిలో కొంత వాటా ముందు ఇక్కడే కోయాలన్న షరతు లీజులోనే పెట్టవచ్చు. ఎందుకు పెట్టలేదో పాలకులు చెప్పాలి.

ఈ బేరం ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. అదే తీరంలో, ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో, గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ముందటి రాజులు లాక్కునేవారు, నేను లాక్కోను, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాను అన్నాడు. ఆ రాయి మీద సుంకాల పట్టీ ఉంది. గంధం, కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు అని ఒక్కో సరుకుకు ఒక్కో రేటు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే చీని కర్పూరాన్ని దేశవాళీ కర్పూరం నుంచి విడదీసి రాసుకున్నారు. ఏ సరుకు ఎక్కడిది, దాని విలువెంత అన్నది వివరంగా పట్టించుకున్న రాజ్యం అది. మన కావ్యాల్లో చీనాంబరాలు ఉన్నాయి. అదే కాలంలో మన నేతగాళ్ల బట్టలు సముద్రం దాటి తూర్పు దీవులకు వెళ్లాయి. పనితనం అటూ ఇటూ ప్రయాణించింది.

ఇక వచ్చే ఓడ. చైనా సరుకు అంటే చాలామందికి ఇప్పటికీ దీపావళి సీరియల్ బల్బులు, పతంగి మాంజా, ప్లాస్టిక్ బొమ్మలే గుర్తొస్తాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సైనికులు అమరులయ్యాక వీధుల్లో తగలబెట్టింది కూడా ఆ వస్తువులనే. ఆ ఆవేదన నిజమైనది. సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబును పోగొట్టుకున్న నేల మనది. కానీ దిగుమతుల బిల్లులో బొమ్మల వాటా అతి చిన్నది. పై వరసలో ఉన్నవి ఎలక్ట్రానిక్ విడిభాగాలు, విద్యుత్ పరికరాలు, యంత్రాలు, సేంద్రియ రసాయనాలు, ప్లాస్టిక్ ముడిసరుకు. ఇవి మనింటికి నేరుగా రావు. మన ఫ్యాక్టరీకి వస్తాయి. అక్కడ మన వస్తువుగా మారి, 'మేడిన్ ఇండియా' ముద్రతో బయటికొస్తాయి. బహిష్కరణ పిలుపు ఇచ్చే యువకుడి చేతిలోని ఫోన్ నోయిడాలోనో శ్రీపెరంబుదూరులోనో తయారై ఉండవచ్చు. అందులోని విడిభాగాలు చాలావరకు ఎక్కడివో అతనికి కనిపించదు. గల్వాన్ తర్వాత యాప్‌లు నిషేధించాం, పెట్టుబడులకు అంతకు రెండు నెలల ముందే అడ్డుకట్ట వేశాం. దిగుమతులు మాత్రం ఏటా పెరుగుతూనే వచ్చాయి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మందుల సంగతి. పిల్లాడికి చెవిపోటో గొంతునొప్పో వస్తే డాక్టరు అమాక్సిసిలిన్ రాస్తారు. స్ట్రిప్ వెనక మన కంపెనీ పేరు, మన పారిశ్రామికవాడ చిరునామా ఉంటాయి. ఆ మాత్రలోని మందు ఎలా పుడుతుందో ఒక్క క్షణం చూడండి. ముందు పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో ఒక రకం బూజును చక్కెర నీళ్లలో పెంచుతారు. ఆ బూజు పెన్సిలిన్-జి ఇస్తుంది. దాన్ని ఎంజైముతో తుంచితే 6-ఏపీఏ అనే పదార్థం వస్తుంది. దానికి ఇంకో రసాయనం అతికిస్తే అమాక్సిసిలిన్. చివరి మెట్టు రసాయన శాస్త్రం. అందులో హైదరాబాద్ దిట్ట. మొదటి మెట్టు ఆ బూజును పెంచే పని, అంటే ఫర్మెంటేషన్. అది మన చేతుల్లోంచి జారిపోయింది.

ఒకప్పుడు అదీ మన దగ్గరే ఉండేది. 1954లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ మొదలైంది. 1961లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ పుట్టింది. సోవియట్ సాయంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్ ప్లాంటు, మన బాలానగర్‌లో సింథటిక్ మందుల ప్లాంటు వచ్చాయి. బాలానగర్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టబట్టే హైదరాబాద్ మందుల రాజధాని అయింది. 1990ల తర్వాత చైనా పెన్సిలిన్ తక్కువ ధరకు రావడం మొదలైంది. ఫర్మెంటేషన్‌కు చౌక కరెంటు, మొక్కజొన్న నుంచి తీసే చౌక గ్లూకోజు, నిరంతరం శుభ్రమైన గాలి కావాలి. మధ్యలో కరెంటు పోయినా, వేరే సూక్ష్మజీవి ఒకటి చొరబడినా ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే. చైనా ఇవన్నీ భారీ స్థాయిలో సమకూర్చుకుంది. మన ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చవగ్గా వస్తుంటే చేయడం ఎందుకు అని అందరం సరిపెట్టుకున్నాం. ఇవాళ మనం దిగుమతి చేసుకునే ముడిమందుల్లో, అంటే బల్క్ డ్రగ్స్‌లో సుమారు 70 శాతం చైనావే.

ఆ సరిపెట్టుకోవడం ఖరీదెంతో 2020 మార్చిలో తెలిసింది. వుహాన్‌లో, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు మూతపడగానే, మార్చి 3న కేంద్రం పారాసెటమాల్ సహా ముడిమందులు, వాటితో చేసే మందులు కలిపి 26 రకాల ఎగుమతిని కట్టడి చేసింది. ప్రపంచానికి మందుల దుకాణం అని చెప్పుకునే దేశం, జ్వరం మాత్రను దాచుకోవాల్సి వచ్చింది.

ఐదేళ్ల తర్వాత అదే పాఠం ఇంకో రూపంలో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాలకూ వాటితో చేసే అయస్కాంతాలకూ ఎగుమతి లైసెన్సు పెట్టింది. విలువ చూస్తే అయస్కాంతాల దిగుమతి మొత్తం బిల్లులో లెక్కలోకే రాదు. కానీ అది లేకుంటే ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు తిరగదు. కార్ల కంపెనీలు నెలల తరబడి పర్మిట్ల కోసం ఎదురుచూశాయి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన ఇసుకలో ఈ ఖనిజాలకు మూలమైన మోనజైట్ ఉంది. విశాఖలో 2023లో ప్రారంభించిన అయస్కాంతాల ప్లాంటు సామర్థ్యం మాత్రం ఏడాదికి 3 టన్నులు. అదే 2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో రైతులు యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసగా పెట్టుకుని కూర్చున్నారు. ఆ కొరతకు దేశీయ ప్లాంట్లు ఆగడం సహా కారణాలు చాలా ఉన్నాయి, చైనా ఎరువుల ఎగుమతి బిగించడం వాటిలో ఒకటి. ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు మనకు దొరికిన హామీల్లో మూడు వస్తువులు వినిపించాయి: ఎరువులు, అరుదైన ఖనిజాలు, సొరంగాలు తవ్వే యంత్రాలు. అప్పటికి పొలం, కారు, మెట్రో రైలు మూడూ ఆ మాట కోసం ఆగి ఉన్నాయి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. చైనా నుంచి చవగ్గా తెచ్చుకున్న ముడిమందుతోనే కదా మన మాత్ర చవకైంది, దాన్నే కదా అమెరికాకు, ఆఫ్రికాకు అమ్ముకుంటున్నాం? నిజమే. చైనా దగ్గర కనిపించే లోటులో కొంత అమెరికా దగ్గర మిగులుగా తిరిగొస్తుంది. అందుకే అన్నిటి మీదా సుంకం బాదేయండి అనే వాదనతో నేను ఏకీభవించను. బాదితే మొదట దెబ్బ తగిలేది ఆ మందును కొని మాత్ర చేసే జీడిమెట్ల చిన్న యూనిట్‌కే. చౌకగా కొనడం తప్పు కాదు. ఒకే దుకాణం తప్ప ఇంకోటి లేని పరిస్థితిలో కొనడమే ప్రమాదం. చౌక ధర ఆ దుకాణదారు ఇష్టమున్నన్నాళ్లే. మన మందు అంత మంచిదైతే చైనాయే కొనేది కదా అన్నది రెండో అభ్యంతరం. దానికి జవాబు ఇంకా సూటిది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీలు దాటి ఆ దేశంలో అమ్ముడవుతున్న మన మాత్ర, పక్కనే ఉన్న చైనా ఆసుపత్రుల్లోకి అరకొరగానే వెళ్తోంది. ధరలోనో నాణ్యతలోనో మనం ఓడిపోయి కాదు. రిజిస్ట్రేషన్లు, అనుమతుల గోడ దాటడానికి ఏళ్లు పడుతుంది. ఢిల్లీ, బీజింగ్ మళ్లీ మాట్లాడుకుంటున్న ఈ రోజుల్లో, మిర్చి ఇంకో లక్ష టన్నులు కొనండి అని అడగడం కంటే ఆ గోడ తీయించడం మీద పట్టుబట్టాలి.

2020లో కేంద్రం ముడిమందుల కోసం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. దాని కింద కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో అనుబంధ సంస్థ ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. 2024 అక్టోబరులో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. రెండు దశాబ్దాలకు పైగా మనం మానేసిన పని మళ్లీ మన తీరంలో మొదలైంది. ఆ ఏడాది, ఆ తర్వాత జరిగిందే అసలు పరీక్ష. ఇక్కడ ట్యాంకులు నిండటం మొదలయ్యేసరికి చైనాలో పెన్సిలిన్-జి, 6-ఏపీఏ ధరలు దిగొచ్చాయి. ఆనాడు మన ప్లాంట్లను మూయించినదీ ధరే. అప్పుడు మార్కెట్ నిర్ణయిస్తుందని ఊరుకున్నాం.

ఈసారి ఊరుకోకూడదు. కనీస దిగుమతి ధర ఒక దారి, కానీ దాని భారం చిన్న యూనిట్ల మీద పడకుండా చూడాలి. నాకు అంతకంటే మేలైన దారి కనిపిస్తోంది. మన దేశంలో యాంటీబయాటిక్ మాత్రలను పెద్ద మొత్తంలో కొనే వాళ్లలో ప్రభుత్వాలే ముందుంటాయి. పీహెచ్‌సీలు, జిల్లా ఆసుపత్రులు, ఈఎస్ఐ, రైల్వే, సైన్యం అన్నీ టెండరు పిలిచి, అతి తక్కువ రేటు వేసినవాడికి ఇస్తాయి. మాత్రలోని ముడిమందు ఎక్కడిదని టెండరు ఫారంలో సాధారణంగా ఒక గడి ఉండదు. ఆ గడి పెట్టాలి. మొదటి మెట్టు నుంచీ ఇక్కడే తయారైన మందుకు, మాత్రకు కొన్ని పైసలు ఎక్కువైనా, ఐదేళ్ల కొనుగోలు ఒప్పందం రాయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య మౌలిక వసతుల సంస్థలు వచ్చే ఏడాది టెండర్ల నుంచే ఇది మొదలుపెట్టవచ్చు. ఇందుకు ఢిల్లీ దాకా వెళ్లనవసరం లేదు.